ఒకే న్యాయమూర్తి, రెండు తీర్పులు

తార్నాక జిరాక్స్ షాపుల్లో ఉస్మానియా లా విద్యార్థులు కొనుక్కునే నోట్సులో కుటుంబ చట్టం ఒక కట్ట, పర్యావరణ చట్టం ఇంకో కట్ట. మొదటిదాంట్లో సరిత కేసు (1983), రెండోదాంట్లో దామోదర్‌రావు కేసు (1987). రెండు తీర్పులూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఏ. చౌదరి రాసినవే. రెండింటికీ ఆధారం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కే. అయినా వీటిని పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మనకు లేదు. సాహిత్య విద్యార్థిగా నాకు ఇవి ఒకే రచయిత రాసిన రెండు పాఠ్యాలు.

సినీనటి సరిత తనతో కాపురానికి రావాలని ఆమె భర్త కోర్టుకెళ్లాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. ఇష్టంలేని స్త్రీని అలా ఆదేశించడమంటే ఆమె శరీరం మీద, గర్భం మీద ఆమెకున్న నిర్ణయాధికారాన్ని లాక్కోవడమేనని చౌదరి ఆ సెక్షన్‌ను కొట్టేశారు. సెక్షన్ ఇద్దరికీ ఒకటే అయినా గర్భం మోసేది స్త్రీయే కనుక ఆ సమానత్వం పైపైదేనని గుర్తించారు.

దామోదర్‌రావు కేసు హైదరాబాదు నగర ప్రణాళికలో ప్రజల విహారానికి కేటాయించిన భూమి గురించి. అక్కడ జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టకూడదన్నారు. పరిసరాలను పాడుచేసి మనుషుల్ని మెల్లమెల్లగా చంపడం కూడా జీవించే హక్కును హరించడమేనన్నారు.

రెండో వాదం నిలబడింది. స్వచ్ఛమైన గాలి, నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుప్రీంకోర్టూ చెప్పింది. మొదటి వాదం ఏడాది తిరిగేసరికి పోయింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం తగదని 1983లోనే ఢిల్లీ హైకోర్టు అంటే, 1984లో సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే సరైనదంది.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు సంబంధించిన ఎం.వి. నాయుడు కేసులో (1999) సుప్రీంకోర్టు ఇంకో సూత్రం చెప్పింది: తనవల్ల ప్రమాదం లేదని నిరూపించుకోవాల్సింది పరిశ్రమే. 9వ సెక్షన్ వివరణ చూడండి: దూరంగా ఉండటానికి తగిన కారణం ఉందని నిరూపించుకోవాల్సింది విడిగా వచ్చేసిన మనిషి. ఆచరణలో చాలాసార్లు ఆ మనిషి భార్యే. చెరువుకు హాని జరక్కముందే చట్టం జాగ్రత్తపడుతుంది. స్త్రీ మాత్రం తనకు జరిగిన హానికి రుజువు తెచ్చుకోవాలి. రెండు కట్టల్నీ కలిపి చదివితేనే ఈ తేడా కనబడుతుంది.