వర్తకుని అసిమి

మన పెద్దల యిండ్లలో నొకప్పుడు అటకపై అసిమి యుండెడిది. నడుమ మడచి యెద్దు వీపున వేసినచో నిరుప్రక్కల వ్రేలాడెడి జంట సంచి యది. బళ్ళారి సీమలో చిరకాలముగా వసించుచున్న మన తెలుగు కుటుంబములలో నేడా వస్తువును, ఆ మాటను ఎరిగినవారు అరుదు. కావున దాని కథను కొంత చెప్పబూనితిమి.

కన్నడమున దీనిని హసుబె యందురు. దాని పూర్వరూపము పసుంబె. తమిళమున పసుంబై. కన్నడమున పకారము హకారమైనది; తెలుగున నదియును జారిపోయినది. మూడును ఒక్క తల్లి బిడ్డలే.

ఈ సంచికి గొప్ప గౌరవమిచ్చినవారు అయ్యావొళె ఐనూర్వరను వర్తక సంఘమువారు. వారి మూలస్థానము నేటి బాగల్కోటె జిల్లాలోని ఐహొళె. అచ్చట మేగుటి గుట్టపై క్రీ. శ. 634లో రవికీర్తి కట్టించిన జినాలయము నేటికిని నిలిచియున్నది. ఆ సంఘమున శైవ వైష్ణవులతోపాటు జైనులును ఉండిరి. శ్రవణబెళగొళలో 12వ శతాబ్ది చివర వెలసిన నగర జినాలయమును పోషించినవారును వర్తకులే. ఈ సంఘమువారి శాసన శిలలపై, ముఖ్యముగా తమిళదేశమున, ఇతర చిహ్నములతోపాటు సంచియు చెక్కబడియున్నది. రాజునకు ధ్వజమెట్టిదో వర్తకునకు సంచి యట్టిది.

అసిమికి రెండు ప్రక్కల బరువు సమముగా నుండవలెను. ఒక ప్రక్క యెక్కువైనచో సంచి జారును, ఎద్దు వీపు పుండగును. కావున దారిలో ధాన్యము కొంత అమ్మినను, ఉప్పు కొంత కొన్నను, వర్తకుడు రెండవ ప్రక్కను మరల సరిచేయవలసినదే. తెలుగుసీమలో జనుపనార వడికి గోనెలు నేసినవారిలో పెరికవారు ముఖ్యులు. పెరిక యనగా ఎద్దుపై వేయు గోనెసంచియే.

1853లో మన దేశమున రైలు నడచెను. 1855లో బెంగాలునందలి రిష్రాలో జనపనార మిల్లు వెలసెను. క్రమముగా పెరికెద్దులు బాటలనుండి తొలగెను, చేతి మగ్గపు గోనె మూలపడెను.

మా తాతగారి అసిమిని, గుమాస్తా ఉద్యోగములో ఊరు మారునప్పుడు, బరువని తలచి పాతగుడ్డలవాని కిచ్చివేసితిమి. మొన్న మా మనుమడు అసిమి యననేమని యడుగగా చూపుటకు మాయొద్ద నేమియు లేకపోయెను. పొరుగింటి కన్నడ అవ్వగారు విని, “హసుబెయా? మా యింట నున్నది” యని తెచ్చి వాని భుజమున వేసిరి.

1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. సరిహద్దులు మారినను ఆ సంచి రెండు యిండ్లదిగానే యున్నది. మీ అటకలపై నున్నచో పారవేయకుడు. దాని పేరు పిల్లలకు చెప్పుడు.