‘పెట్టు’ ధాతువు, మా తాతగారి దివాలా



తెలుగులో ‘పెట్టు’ అనే క్రియ చేయని పని లేదు. అన్నం పెడతాము, దణ్ణం పెడతాము, ముహూర్తం పెడతాము. ఆ క్రియతోనే టోపీ పెడతాము, నామమూ పెడతాము. ముప్ఫైయేళ్లు బడిలో వ్యాకరణం చెప్పినవాడినై ఉండీ, ‘ఐ.పి. పెట్టాడు’ అన్న పలుకుబడి ఈ వరుసలో ఎక్కడ చేరుతుందో నేను చాలాకాలం ఆలోచించలేదు. నిజానికి అది అర్జీ పెట్టడంలోని ‘పెట్టు’. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు తెలుగువారి నోట పడి, అర్జీల వరుస విడిచి టోపీల వరుసలోకి జరిగిపోయాయి. ఫలానావాడు ఐ.పి. పెట్టాడంటే మనకు వినబడేది ‘ఎగ్గొట్టాడు’ అని మాత్రమే.

ఈ మాట మా ఇంట్లో పలకరాని మాట. మా తాతగారు కృష్ణా డెల్టాలో ధాన్యం వ్యాపారం చేసి, 1933లో ఐ.పి. పెట్టారు. “నమ్మినవాళ్లు ముంచారు” అని మా నాయనమ్మ చెప్పేది. “ఊరిని ముంచాడు” అని ఊరు చెప్పేది. ఈ రెండు కథల మధ్య నేను పెరిగాను. ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి, అసలు కాగితం ఏమి చెబుతుందో చూద్దామని బయలుదేరాను.

వెదకడానికి ముందు చట్టం చదవవలసి వచ్చింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909 నాటి చట్టం ఒకటి. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలి, దాచుకున్నవాళ్లందరూ గొల్లుమన్న తరువాత మూడేళ్లకు వచ్చిన చట్టమది. మన జిల్లాల వంటి మఫసలు ప్రాంతాలకు వేరే చట్టం: మొదట 1907లో, దాని స్థానంలో 1920లో వచ్చిన ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. మన ‘ఐ.పి.’ పుట్టింది ఈ చట్టం కింద పెట్టిన అర్జీలలోనే. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది కంపెనీల అప్పులకు హామీపడిన వ్యక్తుల వరకే.

ఆ చట్టం చదివితే లోకంలోని అభిప్రాయం సగం సడలిపోతుంది. మొదటి సంగతి, ఐ.పి. బాకీదారుడే కాదు, అప్పిచ్చినవాడూ పెట్టవచ్చు. రెండవది, అర్జీ పెట్టగానే అప్పు పోదు. అప్పులు కనీసం 500 రూపాయలుండాలి, లేదా డిక్రీ అమలులో మనిషి అరెస్టయినా, ఆస్తి జప్తయినా అయి ఉండాలి. నివాసం ఎక్కడో, ఎవరెవరికి ఎంతెంత బాకీయో, వాళ్లు ఏ ఊరివారో, తన ఆస్తి ఏమిటో, ఎక్కడున్నదో, దాని విలువెంతో అన్నీ అర్జీలో రాయాలి. జప్తుకు లోనుగాని వస్తువులు తప్ప తక్కినదంతా కోర్టు చేతిలో పెట్టడానికి సిద్ధమని ఒప్పుకోవాలి. కోర్టు దివాలాదారుగా నిర్ణయించిన క్షణం నుండి ఆస్తి అతనిది కాదు. కోర్టుదో, రిసీవరుదో అవుతుంది. రిసీవరు దానిని అమ్మి, వచ్చిన సొమ్మును అప్పులవారికి దామాషాగా పంచుతాడు. ఆ పైన అతడు గడువులోగా విముక్తికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆస్తి విలువ అప్పులలో రూపాయికి ఎనిమిదణాలైనా లేకపోతే, అది అతని తప్పువల్ల జరగలేదని తృప్తిపడితే తప్ప కోర్టు సంపూర్ణ విముక్తి ఇవ్వరాదు.

మరి ఇన్ని ఇబ్బందులకు ఓర్చి ఎందుకు పెట్టేవారు? అప్పు తీర్చలేనివాణ్ణి డిక్రీ అమలులో సివిలు జైలులో పెట్టే అధికారం కోర్టుకున్నది గనుక. అలా పట్టి తెచ్చినవాడికి ‘నీవు దివాలా అర్జీ పెట్టుకోవచ్చును’ అని కోర్టే చెప్పాలని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 55వ సెక్షను శాసించింది. 1929 చివర మొదలైన మాంద్యంలో ధాన్యం ధర కూలిపోయింది. అప్పు మాత్రం కాగితం మీద రాసిన రూపాయలలోనే నిలిచి ఉన్నది. మద్రాసు శాసనసభ రైతు రుణ విమోచన చట్టం చేసి పాత వడ్డీలు కొట్టివేసింది 1938లో. మా తాతగారికి అది ఐదేళ్లు ఆలస్యం.

ఇక వెదుకులాట. దివాలా రహస్యంగా జరిగేది కాదు. దివాలాదారుని పేరు, చిరునామా, నిర్ణయించిన తేదీ, విముక్తికి గడువు, కోర్టు పేరు అధికార గెజెట్టులో ప్రకటించాలని 30వ సెక్షను. కాబట్టి మొదటి మెట్టు గెజెట్టు. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ పత్రాగారంలో పాత సంపుటాలు తిరగవేస్తూ మూడవ రోజున మా ఇంటిపేరు చూశాను. నాలుగు పంక్తులు. వాటిని చదివి కొంతసేపు కదలలేకపోయాను.

రెండవ మెట్టు కోర్టు. పేరు, సంవత్సరం, కోర్టు తెలిస్తేనే రిజిస్టరులో నెంబరు దొరుకుతుంది; నెంబరు ఉంటేనే నకలుకు దరఖాస్తు పెట్టగలము. కేసులో పార్టీ కానివాడు ఎందుకు కావాలో ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. అన్నీ చేశాను. రికార్డు గదిలో గుమాస్తాగారు పాత పుస్తకం చూసి, “కట్ట నాశనం చేశారండీ, కాలపరిమితి దాటింది” అన్నారు. కోర్టులు పాత రికార్డులను నియమాల ప్రకారం నాశనం చేయడానికి 1917 నాటి చట్టమే ఉన్నది. ఆయనను తప్పుపట్టలేను.

కాగితం చివరకు దొరికిన చోటు నేను ఊహించనిది. మా నాయనమ్మ తమ్ముడి కొడుకు, నాకు మామయ్య వరస, ఎనభై దాటినవాడు. సంగతి విని పెట్టెలోనుండి ఒక కట్ట తీసి నా ముందు పెట్టాడు. “మీ తాత మా నాన్న పేర రెండెకరాలు రాశాడురా. రిసీవరు కోర్టుకు వెళ్లి దాన్ని కొట్టేయించాడు. ఆ కేసు కాగితాలు మా నాన్న పారేయనివ్వలేదు” అన్నాడు.

దివాలా అర్జీకి ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని 53వ సెక్షను కింద రద్దు చేయవచ్చు. మా తాతగారు అర్జీకి ఏడు నెలల ముందు బావమరిది పేర దానపత్రం రాశారు. అంటే మా నాయనమ్మ కథ పూర్తిగా నిజం కాదు. ఆ కాగితాలకు జతపరచిన జాబితాలో మిగిలిన ఆస్తి అంతా, ఎడ్లతో, కాటాతో, గోతాలతో సహా ఉన్నది. అంటే ఊరి కథా పూర్తిగా నిజం కాదు. పంపకం రూపాయికి ఆరణాలు. విముక్తి షరతులతో వచ్చింది.

అప్పులవారి పట్టికలో పంతొమ్మిది పేర్లు. షావుకార్ల కింద, చిట్టచివర, మా పెద్దపాలేరు పేరు, తండ్రి పేరుతో సహా. జీతం బాకీ 64 రూపాయలు. పనివారి కూలికి చట్టం ముందుచోటు ఇచ్చింది, కాని చివరి నాలుగు నెలల పనికి, అదీ 20 రూపాయల వరకే. మిగిలిన 44కు ఆరణాల చొప్పున 16 రూపాయల 8 అణాలు. మొత్తం ముప్ఫైఆరున్నర ముట్టింది. పోయినది ఇరవై ఏడున్నర. వేలు పోగొట్టుకున్న షావుకార్లు తేరుకొని ఉంటారు. నా కన్ను ఈ చివరి అంకె మీదనే నిలిచింది.

ఆ పాలేరు మనుమడు నా దగ్గర చదువుకున్నవాడే. వెళ్లి చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, “ఇరవై ఏడు రూపాయల చిల్లర అని మా నాన్న అంటుండేవాడు మేష్టారూ. దానికి కాయితం ఉందని మాత్రం తెలీదు” అన్నాడు. నేను మద్రాసు దాకా వెళ్లి వెదికిన లెక్క, నాలుగు వీధుల అవతల ఒక ఇంట్లో తొంభై ఏళ్లుగా నోటి మీద ఉన్నది.

విముక్తి పొందినవాడికి చట్టప్రకారం ఆ బాకీ లేదు. కాని నేను చదువుకున్న శాస్త్రం వేరు. ధర్మశాస్త్రాల పద్దెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం. పదమూడవ శతాబ్దిలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయం పాఠం చెప్పే రోజులలోనే ఆ నియమాలు నాకు పరిచయం. తండ్రి అప్పు కొడుకు వడ్డీతో తీర్చాలి; తాత అప్పు మనుమడు వడ్డీ లేకుండా అసలు తీర్చాలి; మునిమనుమడికి బాధ్యత లేదు అని స్మృతికారుల మాట. అంటే ఈ లెక్క నాతో ఆగిపోవలసినది. కాని ఇరవై ఏడున్నర రూపాయలు ఈనాడు అతని చేతిలో పెడితే అది వెక్కిరింత, పెట్టకపోతే ఋణం. ఈ మాటే అతనితో అన్నాను.

అతడు నవ్వాడు. “డబ్బులెందుకు మేష్టారూ. ఆ పట్టికలో మా తాత పేరు షావుకార్ల వరసలోనే ఉందన్నారుగా. దాని నకలొకటి ఇప్పించండి” అన్నాడు.

మరునాడు తీసుకువెళ్లి అతని చేతిలో పెట్టాను.