తరంగాల దారి మళ్లించే పలక : మెటాసర్ఫేస్

అద్దంపై కాంతి ఏ కోణంలో పడుతుందో అదే కోణంలో పరావర్తనం చెందుతుంది. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులందరూ ఎరిగిన నియమమే. సెల్‌ఫోన్ టవరు నుండి వెలువడే రేడియో తరంగాలు సైతం కాంతి వలె విద్యుదయస్కాంత తరంగాలు గనుక, నునుపైన లోహపు రేకుపై ఈ నియమాన్నే పాటిస్తాయి. రేకును వంచకుండా, తిప్పకుండా, తరంగాన్ని కోరిన దిక్కుకు పంపగల పలుచని పలకయే మెటాసర్ఫేస్.

దీనిపై తరంగదైర్ఘ్యం కంటే చిన్నవైన లోహపు ముక్కలు బారులు తీరి ఉంటాయి. ముక్క పరిమాణాన్ని బట్టి తరంగం తిరిగి వెలువడుటలో కొద్దిపాటి ఆలస్యం కలుగుతుంది. నాట్లు వేసే కూలీల వరుసలో ఒక కొస నుండి రెండవ కొస వరకు ఒకరికంటే ఒకరు కొంచెం వెనుకబడితే వరుస ఏటవాలవుతుంది గదా! తరంగపు వరుస అలా వాలినప్పుడు దాని పయనమే మారుతుంది. ఉదాహరణకు, 28 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 10.7 మిల్లీమీటర్లు. పలకకు లంబంగా వచ్చిన ఈ తరంగాన్ని 30 డిగ్రీలు మళ్లించాలంటే, 2.7 మిల్లీమీటర్లకొక ముక్క చొప్పున అమర్చి, ఒక్కొక్కటి పక్కదానికంటే ఆవృత్తిలో ఎనిమిదో వంతు ఆలస్యం చేసేట్లు రూపొందిస్తే చాలును.

ఈ సూత్రాన్ని 2011లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు నాన్‌ఫాంగ్ యు, ఫెడెరికో కపాస్సో బృందం 'సైన్స్' పత్రికలో వివరించింది. వారు సిలికాన్‌పై 'వి' ఆకారపు బంగారు ముక్కలను పేర్చి, పరారుణ తరంగాలతో దీనిని నిరూపించారు. 2014లో చైనాకు చెందిన త్యే జున్ చ్వీ బృందం డయోడ్లు అమర్చి, పలక స్వభావాన్ని విద్యుత్తుతో అప్పటికప్పుడు మార్చవచ్చునని చూపింది.

టోక్యోలో 2018లో డొకోమో సంస్థ ఒక ప్రయోగం జరిపింది. 28 గిగాహెర్ట్జ్ సంకేతం సరిగా అందని చోటుకు ఇటువంటి పలకతో తరంగాలను మళ్లించగా, సెకనుకు 60 మెగాబిట్ల వేగం 560కి పెరిగింది.

గుట్ట అవతల సంకేతం అందని పల్లెవాసులకు ఇది ఆశ కలిగించే వార్తయే. అయితే సాధారణ పలక బూస్టరు కాదు. తనపై పడినదానిని మళ్లించడమే తప్ప బలం చేకూర్చదు. టవరూ, ఊరూ రెండూ దానికి కనబడాలి. పైగా పల్లెలకు అనువైన 700 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 43 సెంటీమీటర్లు. అంతటి పనితనమే కావాలంటే పలక పొడవునూ వెడల్పునూ 40 రెట్లు చొప్పున పెంచవలసి ఉంటుంది.