‘పరాయి’ అన్న మాట - ఖిల్లా గోడ

నిజామాబాదు ఖిల్లా మీది పాత జైలుకు పిల్లల్ని తీసుకుపోయినప్పుడల్లా, దాశరథి బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాసిన ముచ్చట చెప్తాను. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి పేరూ చెప్తాను. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ ఆయనకే అంకితం. కిందటేడు బోధన్ శక్కర్‌నగర్ పిల్లవాడొకడు వెనకనుంచి అడిగాడు: “సార్, దళాలు కొట్లాడింది పరాయివాళ్ళ మీదనే కదా. మరి మేము పరాయివాళ్ళమా?” ఆ పిల్లవాడిది ముస్లిం కుటుంబం. నాకు వెంటనే జవాబు తోచలేదు.

తోచకపోవడం నా ఒక్కడి లోపం కాదనుకుంటాను. 1946-51 సాయుధ పోరాటం మీద మనం రాసిన విమర్శలో ఈ ‘పరాయి’ అన్న మాట తూకం లేకుండా దొర్లుతూ వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను చంపిన తుపాకి ఎవరిది? విసునూరు దేశ్‌ముఖ్ మనుషులది. ఆ దేశ్‌ముఖ్ తెలుగువాడే, రెడ్డి. రజాకార్లు గ్రామాల మీద పడ్డది తర్వాత, ఆ గడీలకు అండగా. ఇటుపక్క చూడండి. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైనవాడు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్. ఉద్యమానికి ఉర్దూలో గొంతునిచ్చినవాడు మఖ్దూం. సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ నాటకానికి ప్రాణం పోసినవాడు బందగీ. 1947 నాటికే ఆ నాటకకర్తలకు శత్రువెవరో స్పష్టంగా తెలుసు. మసకబారింది మన చూపు.

అసలు చిక్కు 1948 సెప్టెంబరు 13న మొదలవుతుంది. యూనియన్ సైన్యాలు వచ్చాయి. 17న నిజాం లొంగిపోయాడు. జనరల్ చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు. స్వాగతం పలికిన పల్లెలే కొద్దిరోజుల్లో అదే సైన్యం చేతిలో దెబ్బలు తిన్నాయి. పారిపోయిన దొరలు జీపుల వెనకాలే తిరిగొచ్చారు. ఇది పరాయి సైన్యమా, మన సైన్యమా? పార్టీయే రెండుగా చీలింది. రావి నారాయణరెడ్డి వంటివారు ఆయుధాలు దించుదామన్నారు. కొనసాగించాలన్నవారు నల్లమల, గోదావరి అడవులకు చేరారు. చైనా గెరిల్లాలకున్న వెనుదన్ను ప్రాంతం ఇక్కడ లేదు. 1951 ఆరంభంలో మాస్కో వెళ్ళిన నాయకులతో స్టాలిన్ ఎత్తిచూపిందీ ఇదే. అక్టోబరులో పోరాటం విరమించారు. నాలుగువేలమంది చనిపోయారని సుందరయ్య లెక్క. జెండా ఎవరిదన్న ప్రశ్న కంటే, పంచుకున్న భూమి ఎవరి చేతిలోకి పోతున్నదన్న ప్రశ్నే రైతుకు ముఖ్యమైందని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోనివారున్నారు, ఉండనివ్వండి.

ఆ సెప్టెంబరుకు ఇంకో ముఖం ఉంది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, దాడుల్లో చనిపోయినవారు, ఎక్కువగా ముస్లింలు, 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా వేసింది. అన్నిటికన్నా నష్టపోయిన జిల్లాల్లో నాందేడు ఒకటి. బోధన్‌కు పక్కనే. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. మన కథకులు చాలావరకు సెప్టెంబరు 17 దగ్గర కలం ఆపేశారు. దాశరథి రంగాచార్య ‘జనపదం’ వంటివి ఆ గీత దాటకపోలేదు. కాని ‘చిల్లర దేవుళ్ళు’ చదివినంతమంది దాన్ని చదివారా?

మా జిల్లాలో నల్లగొండ, వరంగల్లులకు వచ్చినంత దళ పోరాటం రాలేదు. దానికి సిగ్గుపడనక్కర లేదు. నిజాంసాగర్ కాలువ పారి, కోస్తా రైతులు వచ్చి చెరుకు వేసి, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచిన నేల ఇది. వెట్టీ లెవీ ఏ రాజ్యానివో, కాలువా ఫ్యాక్టరీ కూడా ఆ రాజ్యానివే. కాబట్టి ఇక్కడివాడి నోట ‘పరాయి’ అన్న మాట నల్లగొండవాడి నోట పలికినంత సూటిగా పలకదు. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015లో మూతపడింది. ఆ మూతకు ఏ సైన్యమూ రాలేదు.

తిరుగుదారిలో బస్సులో ఆ పిల్లవాడు నా పక్కన కూర్చున్నాడు. వాళ్ళ తాత నాందేడు వైపు పల్లె నుంచి ఆ సెప్టెంబరులోనే మంజీర దాటి వచ్చాడట, తర్వాత ఫ్యాక్టరీలో కుదిరాడట. ఇదంతా ఏ పుస్తకంలో ఉంది సార్ అన్నాడు. నేను చదివినవాటిలో లేదు, నువ్వే రాయాలి అన్నాను. తెలుగులో రాయనా, ఉర్దూలోనా అని అడుగుతున్నాడు ఇంకా.