పిడికెడు రాగులు

ఈ శతవార్షిక సంచికకు వ్యాసం వ్రాయమని పెద్దలు కోరినప్పుడు, హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివిన నాటి నా నోట్సు పుస్తకాలు తీసి చూశాను. మిషనరీల పేర్లు, వారు కట్టించిన బడులు, ఆసుపత్రులు, వాటి సంవత్సరాలు అన్నీ వరుసగా ఉన్నాయి. మా అవ్వ మాత్రం ఎక్కడా లేదు. అది పుస్తకాల తప్పు కాదు, వ్రాసుకొన్న నా తప్పు. దానిని దిద్దుకొనడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా పెద్దలను స్మరించుకొందాం. స్కడ్డర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించారు. ఆ మిషనుకు చెందిన డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెకు వచ్చారు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. చేంబర్లేన్ గారు మందు ఇచ్చారు, వాక్యం చెప్పారు, తెలుగు బైబిలు సవరణలో ఏళ్ల తరబడి శ్రమించారు, 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించారు. తరువాత మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆసుపత్రి వెలిశాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఇవన్నీ మనం మరువరాని సంగతులు. అయితే పల్లెల్లోని సంఘాలు దినదినం దేనిమీద నిలిచాయో ఈ తేదీలు చెప్పవు.

మా నాయనగారి ఊరు పుంగనూరుకు దగ్గరలోని ఒక పల్లె. ఊరికి కొంచెం ఎడంగా మా పాళెం. బోదకప్పు ఇండ్లు, ఒక చింతమాను, దాని ప్రక్కనే ఒక గది. పగలు అది బడి, రాత్రి అదే ప్రార్థన ఇల్లు. పగలు పాఠం చెప్పిన ఉపదేశిగారే రాత్రి లాంతరు పెట్టి వాక్యం చదివేవారని మా నాయన చెప్పేవాడు. మాకు సొంత భూమి లేదు. వాన కురిస్తే చెనిక్కాయ చేలలో, రాగి చేలలో కూలి దొరికేది. పెద్ద రైతుల దొడ్లలో పుంగనూరు ఆవులు ఉండేవి. మూడడుగుల ఎత్తయినా ఉండని ఆ ఆవుల మెడచుట్టూ చేతులు వేసి పిల్లలం ఆడుకొనేవాళ్లం.

తెల్లవారక ముందే అవ్వ ఇసుర్రాయి ముందు కూర్చొనేది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. రాయిలో గింజలు పోసే ముందు ప్రతిరోజూ రెండు పిడికిళ్ల రాగులు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. ఇంట్లో చేట నిండుగా ఉన్నా వేసేది, అడుగంటినా వేసేది. కరువు ఏళ్లలో పిడికిలి చిన్నదయిందేమో గాని, చెయ్యి కుండలోకి పోకుండా ఉండలేదు. శనివారానికి అరపడి అయ్యేది. ఆదివారం ఆ రాగులను కొంగులో కట్టుకొని గుడికి తెచ్చేది. అందరివీ కలిపి కొలిచి అమ్మేవారు. ఆ డబ్బు పాస్టరుగారి జీతానికి, లాంతరు నూనెకు పోయేది. పాళెంలో దిక్కులేని ముసలివాళ్లు ఉంటే ముందుగా వాళ్ల వాటా తీసి ఉంచేవారు.

మా అమ్మ పుట్టిల్లు కుప్పం వైపు. అక్కడ ఒకే ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడేవి. కుప్పం తాత కోలారు బంగారు గనుల్లో పనిచేసి, దగ్గుతో ఇల్లు చేరినవాడు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడినప్పుడు, తానే చనిపోయినట్టు రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆ ఇంట్లో కుండకు బదులు రేకు డబ్బా ఉండేది, రాగులకు బదులు చిల్లర పడేది. పేరు మాత్రం అదే: దేవుని పాలు.

ఏడవ తరగతికి నన్ను మదనపల్లెలో ఒక హాస్టలులో చేర్చారు. ఒకనాడు తోటి పిల్లవాడు అందరి ముందు, “మీవాళ్లు కరువులో గంజికోసం కలిసినోళ్లంట గదా” అన్నాడు. అందరూ నవ్వారు. సెలవులకు ఇంటికి వచ్చి, కుండలో వేయబోతున్న అవ్వ చెయ్యి పట్టుకొని, “మనకే లేకుంటే వాళ్లకెందుకు?” అని కసురుకొని, హాస్టలులో విన్న మాట చెప్పాను. అవ్వ కోపపడలేదు. “తాగినాము నాయనా. ఆకిలైనోడు తాగక ఏం జేస్తాడు? తాగిన గంజికి లెక్క అడిగేవాళ్లు, మనం పెట్టిన గింజలకి లెక్క అడగరు గదా” అన్నది. నా చేతిని మెల్లగా తీసి, రాగులు కుండలో వేసింది.

ఆ మాట నాకు చాలా ఏండ్లకు గాని అర్థం కాలేదు. ఆమె చెప్పిన కరువు 1876-78 నాటి ధాత కరువు. ఆమె అవ్వ చూసిన కరువు. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ సలహామీద సర్కారు కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా మాత్రమే కూలి నిర్ణయించింది. ఆకలితో వచ్చి సంఘంలో చేరినవారు లేరని నేను అనను. అయితే ఒంగోలులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు కరువు సహాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదనే ఆయన ఆగారు. తిరిగి ఆరంభించినప్పుడు 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి ఆగిన తరువాత కూడా వచ్చినవారిని ఏమందాం?

ఆ మధ్య ఒక రాత్రి కూర్చొని అవ్వ లెక్క వేశాను. వారానికి అరపడి అంటే ఏడాదికి 26 పడులు. ఏభై ఏళ్లకు 1,300 పడులు. పడి రాగులు కిలోకు పైనే తూగుతాయి. నాటి కరువు కూలి పౌను లెక్కన చూస్తే, ఒక మనిషికి ఎనిమిదేళ్లు దాదాపుగా చాలే తిండి. సొంత సెంటు భూమి లేని ఒక్క ఆడమనిషి ఇచ్చింది అది. అటువంటి అవ్వలు ప్రతి పాళెంలో ఎందరో ఉండేవారు. ఇక అప్పు ఎవరు ఎవరికి పడ్డారో సంఘస్థులే చెప్పాలి.

ఇంత చేసిన ఆమె మా గుడి రిజిస్టరులో ‘ఫలానావారి భార్య’ అని మాత్రమే ఉన్నది. సొంత పేరు లేదు. ఇప్పుడు కానుకలు కవర్లలో వస్తున్నాయి, ఫోనులో కూడా వస్తున్నాయి. మంచిదే. అయితే మీ మీ ఇండ్లలో అటువంటి అవ్వలు ఇంకా ఉంటే, ఈ సంచిక మూసిన వెంటనే వారి ప్రక్కన కూర్చొని, వారి పేరు, వారు చెప్పే మాటలు ఒక కాగితం మీద వ్రాసి పెట్టండని నా మనవి. నేను ఆలస్యం చేశాను.

మా అవ్వ ఒక గురువారం వేకువజామున కన్నుమూసింది. సమాధి కార్యక్రమం అయ్యాక మా అమ్మ మూలనున్న కుండ తీసి చూసింది. బుధవారం దాకా వేసిన రాగులు అందులో ఉన్నాయి. మిగిలిన రోజులవి తన చేత్తో కలిపి, అరపడి నింపి, ఆదివారం గుడికి తెచ్చింది. ఆ వారం కూడా మా ఇంటి పాలు తక్కువ కాలేదు.