మూడు నాడెల చెయ్యి

వేటపాలెంలో కుప్పడం చీర నేసేవాళ్లకు లోటు లేదు. అయినా అంచు కలిపే చోట నా స్నేహితుడి చెయ్యి వేరు. కుప్పడానికి ఒక్క నాడె చాలదు. రెండంచులకు రెండు, ఒంటికి ఒకటి, మొత్తం మూడు కావాలి. ప్రతి పేకకీ అంచు పోగు ఒంటి పోగును పట్టుకోవాలి. ఆ పట్టు తప్పితే చీర అక్కడే విడిపోతుంది. పక్కన ఇంకో మనిషి కూర్చుని నాడె అందిస్తేనే పని సాగుతుంది. వాడి పక్కన కూర్చునేది వాడి భార్య, నాకు వదిన. ఆ ఇద్దరూ మాటా పలుకూ లేకుండా గంటల తరబడి నేస్తుంటే చూడాలనిపించేది. ఇంత పనితనం ఉన్న మనిషికి ఇల్లు తప్ప మరో ఆస్తి లేదు. ఆ ఇంట్లోనూ సగం గుంట మగ్గానిదే.

మా స్నేహం సారస్వత నికేతనంలో మొదలైంది. 1918లో మా ఊళ్లో పుట్టిన గ్రంథాలయం అది. గాంధీగారి విరిగిన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రంగా దాచారు. మగ్గం దిగాక వాడు పేపరు కోసం వచ్చేవాడు, జీడిపప్పు కొట్టులో లెక్కలు ముగించుకుని నేనూ వచ్చేవాణ్ని. 1991లో చీరాల చుట్టుపక్కల నేతగాళ్ల ఆకలి చావులు దేశమంతటికీ వార్తలైనప్పుడు మాకు ఇరవై ఏళ్లు. చిలప నూలు ధర ఆకాశానికి ఎక్కింది. నూలు విదేశాలకు పోతోంది, మగ్గాలకు దొరకడం లేదు. చదివిన పేపరు మడత పెట్టి, తిరిగి ఉన్నచోటే ఉంచి, వాడు మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఏడు వాళ్ల నాన్న సావుకారు దగ్గర తెచ్చిన అడ్వాన్సు తరవాత వాడి పేరు మీదికి మారింది. నేసిన ప్రతి చీర కూలిలోనూ కొంత దానికి జమ అయ్యేది. పండగకో పురుడుకో మళ్లీ పెరిగేది. తీరిపోయిందన్న మాట ఆ ఇంట్లో నేను వినలేదు.

బీపీ ఉందని వాడికి తెలుసు. మాత్రలు కొన్నాళ్లు వేసుకున్నాడు. కూతురి పెళ్లి చేసిన ఏడాది ఖర్చులు తగ్గించుకుంటూ ముందు వాటినే మానేశాడు. ఒంట్లో బాగానే ఉంది కదా అన్నాడు. ఆ జబ్బు పద్ధతే అంత, బాగానే ఉన్నట్టు ఉంచుతుంది.

2019 ఎండాకాలంలో ఒకరోజు తెల్లవారుజామున వాడి చేతిలో నాడె జారి గుంటలోకి పడింది. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి ఓ పక్కకు లాగేసింది. వాతం చేసిందేమోనని ఇంట్లోవాళ్లు పడుకోబెట్టారు, నూనె రాశారు, తెల్లారాక వీధిలో ఉండే ఆరెంపీని పిలిచారు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ స్కాను తీసి రక్తస్రావం కాదని తేల్చుకున్నాకే. చీరాల దాటి గుంటూరు చేరేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పడక ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది. ప్రాణం నిలిచింది. కుడి పక్క చచ్చుబడింది, మాట పోయింది.

ఇంటికి వచ్చాక మొదలైన ఖర్చులకు ఏ కార్డూ అక్కరకు రాలేదు. ఫిజియోథెరపీ చేసే కుర్రాడు వచ్చిన ప్రతిసారీ డబ్బివ్వాలి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే చెయ్యీ కాలూ ఎక్కువగా తిరిగొస్తాయని, ఆ నెలలు పోగొట్టుకోవద్దని అతను మరీ మరీ చెప్పాడు. సరిగ్గా ఆ నెలల్లోనే ఇంట్లో రాబడి సున్నా. ఇద్దరు కూర్చుంటే గాని ఆడని మగ్గం, ఒకరు పడిపోతే రెండో మనిషి కూలీ కూడా పోయింది. పాత స్నేహితులం నలుగురం కలిసి ఫిజియో డబ్బులు చూసుకున్నాం. మందులు ఒకరు, బియ్యం ఒకరు తీసుకున్నాం. పసరు మందు కట్టించమని చుట్టాలు పట్టుబట్టారు. ఆ పసరుకు అయ్యే డబ్బు బీపీ మాత్రలకు పెట్టమని నేను వదినతో గట్టిగా చెప్పాను. ఆమె నా మాట విన్నది.

సాయంత్రాలు నేను వెళ్లి కూర్చునేవాణ్ని. వాడి చేతిలో ఖాళీ కండె పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే దాని చుట్టూ ముడిచి, విప్పి, మళ్లీ ముడిచేవాణ్ని. చేసిందే చెయ్యగా చెయ్యగా మెదడు కొత్త దారి వెతుక్కుంటుందట. మాటే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది. మంచినీళ్లు కావాలంటే "అది, అది" అనేవాడు. పెళ్లాం పేరు కూడా నోట రాకపోయేది. చెప్పలేక ఎడం చేత్తో నుదురు కొట్టుకునేవాడు.

ఒకరోజు ఎవరింట్లోనో మైకులో బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకం వేశారు. వయసులో ఉండగా శ్రీరామనవమి పందిట్లో కాటిసీను పద్యాలు అందుకుని వాడు రాగం తీస్తే జనం ఈల వేసేవాళ్లు. ఆ సాయంత్రం మంచం మీద నుంచి వాడు పద్యం ఎత్తుకున్నాడు. గొంతు వణికింది గాని ఒక్క మాట జారలేదు, సమాసాలన్నీ పూర్తిగా వచ్చాయి. వదిన పొయ్యి దగ్గర పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పద్యం అయిపోగానే "ఒరే, నన్నేమని పిలుస్తావురా?" అని అడిగాను. "అది" అన్నాడు. మాటను పోగొట్టే పక్షవాతం పాటను చాలాసార్లు వదిలేస్తుందని, మెదడులో వాటి చోట్లు వేరని ఫిజియో కుర్రాడు చెప్పాడు. ఆ రోజు నుంచి పద్యం బాణీలోనే అడగడం నేర్పాం. "నీళ్లు కావాలీ" అని సాగదీసి పాడితే నీళ్లన్న మాట దొరికేది. అప్పు తీర్చడానికి ఆలినీ బిడ్డనూ అమ్ముకున్న రాజు పద్యాలు మా వాడికి తాగేనీళ్లు అడగడం మళ్లీ నేర్పాయి.

ఊతకర్రతో వీధి చివరిదాకా నడిచేంత అయ్యాడు. చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. సావుకారు మంచివాడే, అడ్వాన్సు మాట నెలల తరబడి ఎత్తలేదు. డెయిలీ ఫైనాన్సు వాళ్లు, డ్వాక్రా వాయిదా ఆగవు కదా. ఆ ఏడాది చివర్లో మగ్గం అమ్మేశారు. జాకార్డు పెట్టెతో సహా విప్పి ఆటోలో వేస్తుంటే వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. డిసెంబరులో నేతన్న నేస్తం వచ్చింది, సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000. వీళ్లకు మగ్గం లేదు. నేతగాళ్ల పింఛనుకు యాభై నిండాలి. వాడికి నిండలేదు. వికలాంగ పింఛనుకు సదరం సర్టిఫికెట్టు కావాలి. దానికి తేదీ దొరికేలోపు 2020 లాక్‌డౌన్ వచ్చి శిబిరాలు ఆగాయి, ఫిజియో రావడం ఆగింది, మా నలుగురిలో ఇద్దరికి జీతాలు ఆగాయి. అదే ఏడాది జూలైలో కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. ఆ వార్త వాడికి నేనే చదివి వినిపించాను. విని కళ్లు మూసుకున్నాడు.

పింఛను చివరికి వచ్చింది, నెలకు 3,000. చేతిలోకి డబ్బొచ్చిన మొదటి నెల వాడు నాకు పది రూపాయల నోటు ఇచ్చి టీ తెమ్మన్నాడు. తెచ్చి ఇద్దరం తాగాం.

2022 ఏప్రిల్‌లో మా ఊరు ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది. ఆ వానాకాలంలో వాడికి రెండోసారి వచ్చింది. ఈసారి ఆస్పత్రి దాకా కూడా వెళ్లలేదు.

వదిన ఇప్పుడు కండెలు చుట్టి సావుకారు బాకీ కొంచెం కొంచెంగా కడుతోంది. కొడుకు నేత నేర్చుకోలేదు, చీరాల సెల్‌ఫోన్ల షాపులో ఉన్నాడు. 2024 జూలై నుంచి మంచాన పడ్డ పక్షవాత రోగులకు పింఛను 15,000 అయింది. మా వీధిలో ఒకాయనకు అది వస్తోంది. సదరం తేదీ ఎక్కడ అడగాలో, ఏయే కాగితాలు తీసుకెళ్లాలో, ఏ డాక్టరు సంతకం లేకపోతే తిప్పి పంపుతారో ఆయన ఇంట్లోవాళ్లకు వదినే చెప్పింది. ఆయన్ను ఆటోలో ఎక్కించుకుని వెంట వెళ్లింది కూడా ఆమే.