ప్రొస్టేట్ క్యాన్సర్: కణాలను పట్టి ఉంచే ఈ ప్రొటీన్ తగ్గితే ఏమవుతుంది?

ప్రొస్టేట్ క్యాన్సర్ అందరిలోనూ ఒకేలా ముదరదు. కొందరిలో కణితి ఏళ్ల తరబడి గ్రంథి దాటి బయటకు రాదు. మరికొందరిలో మాత్రం ఎముకల దాకా పాకేస్తుంది. ఈ తేడాకు కారణాలు చాలానే ఉన్నాయి. అందులో శాస్త్రవేత్తలు ఎక్కువగా పరిశోధించిన వాటిలో ఒకటి ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్. 2022 అంచనాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా 14 లక్షల మందికి పైగా పురుషులకు ఈ క్యాన్సర్ సోకుతోంది. దాదాపు 4 లక్షల మంది చనిపోతున్నారు.

ఏంటీ ఇ-క్యాడ్హెరిన్?

ప్రొస్టేట్ గ్రంథి లోపలి కణాలు ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని వరుసగా ఉంటాయి. వాటిని అలా పట్టి ఉంచేదే ఇ-క్యాడ్హెరిన్. టిచ్ బటన్‌లా ఒక కణం మీది ప్రొటీన్ పక్క కణం మీది ప్రొటీన్‌తో బిగుసుకుంటుంది. ఈ పట్టు నిలవాలంటే కాల్షియం ఉండాలి. జపాన్ శాస్త్రవేత్త మసతోషి టకేచి 1980ల్లో ఈ రకం ప్రొటీన్లకు క్యాడ్హెరిన్లు అని పేరు పెట్టారు. ఇ-క్యాడ్హెరిన్‌ను తయారుచేసే జన్యువు పేరు సీడీహెచ్1. ఇది 16వ క్రోమోజోమ్ మీద ఉంటుంది.

పట్టు సడలితే..

ఈ ప్రొటీన్ తగ్గితే కణాలు విడిపోయి పక్క కణజాలంలోకి చొరబడే వీలు దొరుకుతుంది. తీవ్రత ఎక్కువున్న ప్రొస్టేట్ కణితుల్లో ఇ-క్యాడ్హెరిన్ తగ్గిపోతోందని, కొన్నింటిలో అసలు కనిపించడం లేదని 1992లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. బయాప్సీ రిపోర్టులో కనిపించే గ్లీసన్ స్కోరు కూడా గ్రంథి కణాల అమరిక ఎంత చెదిరిందో చూసి ఇచ్చేదే. అమరిక చెదిరేకొద్దీ స్కోరు పెరుగుతుంది.

ఎందుకు తగ్గుతుంది?

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ఈ జన్యువు పాడవడం అరుదు. జన్యువు బాగానే ఉన్నా దాని స్విచ్ ఆఫ్ అయిపోతుంది. జన్యువు మొదటి భాగంలో మిథైల్ గుంపులు పేరుకోవడం ఒక కారణం. స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 లాంటి ప్రొటీన్లు దాన్ని అణచివేయడం మరో కారణం. అదే సమయంలో కొన్ని కణాల్లో ఎన్-క్యాడ్హెరిన్ అనే మరో రకం పెరుగుతుంది. దీంతో కణాలకు కదిలే గుణం వస్తుంది.

ఇక్కడే అసలు ట్విస్ట్

వేరే అవయవానికి చేరి స్థిరపడిన క్యాన్సర్ కణాల్లో చాలాసార్లు ఇ-క్యాడ్హెరిన్ మళ్లీ కనిపిస్తుంది. అంటే కదిలేటప్పుడు పట్టు వదిలిన కణాలు, కొత్త చోట మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయన్నమాట. అందుకే ఈ ఒక్క ప్రొటీన్‌ను చూసి రోగి పరిస్థితి తేల్చేయలేం.

రోగులు తెలుసుకోవాల్సింది

ప్రస్తుతం చికిత్స నిర్ణయాలు పీఎస్ఏ రక్త పరీక్ష, ఎంఆర్ఐ, బయాప్సీ, గ్లీసన్ స్కోరు ఆధారంగానే జరుగుతున్నాయి. ఇ-క్యాడ్హెరిన్‌ను తిరిగి పెంచే మందు ఇంకా వాడకంలోకి రాలేదు. కాల్షియం మాత్రలు మింగితే కణాల పట్టు పెరుగుతుందని అనుకోవడం కూడా పొరపాటే. ఇక్కడ తగ్గింది ప్రొటీన్, కాల్షియం కాదు.

తొలి దశలో ఈ క్యాన్సర్‌కు లక్షణాలు పెద్దగా ఉండవు. కాబట్టి 50 ఏళ్లు దాటినవారు పీఎస్ఏ పరీక్ష అవసరమా కాదా అన్నది డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి. తండ్రికో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే అడగడం మంచిది.